హీమోఫీలియా ఉన్న పిల్లాడికి ఆ సంగతి ఎలా చెప్పాలి

హీమోఫీలియా అంటే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు. లోపల రక్తస్రావం మొదలైతే ముందు తెలిసేది పిల్లాడికే. మోకాలో, చీలమండో, మోచెయ్యో వాచి కనబడకముందే అక్కడ చీమలు పాకినట్టు, వెచ్చగా, బిగుసుకున్నట్టు ఉంటుంది. అప్పుడే ఫ్యాక్టర్ (రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్) ఎక్కిస్తే కీలు త్వరగా కోలుకుంటుంది. వాపు వచ్చేదాకా ఆగితే రోజుల తరబడి మంచమే. ఒకే కీలులో పదేపదే ఇలా జరిగితే అది అరిగి, బిగుసుకుపోతుంది. అందుకే జబ్బు పేరు కన్నా ముందు "అమ్మా, ఇక్కడ ఏదోలా ఉంది" అని వెంటనే చెప్పడం నేర్పాలి.

మూడు నాలుగేళ్ల వాడికి రెండు ముక్కలు చాలు: "నీకు రక్తం ఆగడానికి ఎక్కువసేపు పడుతుంది. ఈ మందు ఆపడానికి సాయం చేస్తుంది."

ఆరేడేళ్లు వచ్చాక అగ్గిపెట్టెలతో చూపించండి. 12 ఖాళీ పెట్టెలను నున్నటి నేల మీద నిలువుగా, వరసగా పెట్టండి. మధ్యలో రెండు వేళ్ల ఎడం ఉండాలి. దగ్గరగా పెడితే ఒకటి తీసేసినా వరస తెగదు, ఆట చెడుతుంది. పెట్టెలు జారుతుంటే లోపల కాసిని బియ్యం పోయండి. మొదటిదాన్ని వాడిచేతే తోయించండి, చివరిదాకా పడతాయి. "చివరి పెట్టె పడితే రక్తం గడ్డకట్టినట్టు." మళ్లీ నిలబెట్టి, హీమోఫీలియా ఏ (ఎనిమిదో ఫ్యాక్టర్ లోపం) అయితే ఎనిమిదోది తీసేయండి, హీమోఫీలియా బి (తొమ్మిదో ఫ్యాక్టర్ లోపం) అయితే తొమ్మిదోది. ఈసారి వరస అక్కడే ఆగుతుంది. తీసిన పెట్టె వాడి చేతికిచ్చి పెట్టమనండి: "నీ ఇంజెక్షన్ ఇదే." నిజానికి ఫ్యాక్టర్లు అంకెల వరసలో పనిచేయవు, కానీ ఈ వయసుకు ఈ బొమ్మ సరిపోతుంది. ఎమిసిజుమాబ్ తీసుకునే పిల్లాడైతే ఆ ఖాళీలో వేరే రకం డబ్బా పెట్టండి: అది ఎనిమిదో ఫ్యాక్టర్ కాదు, దాని పని చేసే మందు.

"మొన్నేగా పొడిచారు, మళ్లీ ఎందుకు?" అని తప్పకుండా అడుగుతాడు. మామూలు ఫ్యాక్టర్ 8 సుమారు 12 గంటల్లో సగమైపోతుంది, చిన్నపిల్లల్లో ఇంకా త్వరగా. పెట్టెను మళ్లీ తీసేసి చూపిస్తే అర్థమవుతుంది.

చిన్న గీత పడినా చచ్చిపోతానేమోనని కొందరు పిల్లలు లోలోపల బెదిరిపోతుంటారు. మనకంటే వేగంగా రక్తం కారదని, ఎక్కువసేపు కారుతుందని, పైపై గాయాన్ని శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమితే చాలావరకు ఆగుతుందని చెప్పండి. సూది నొప్పెట్టదని మాత్రం అబద్ధమాడకండి. "చురుక్కుమంటుంది, ఐదు అంకెలు లెక్కపెడదాం" అనండి. ఆటలో గెంతి కింద పడ్డాడని తిట్టకండి. తిట్లకు, సూదికి భయపడిన పిల్లాడు మరుసటిసారి కుంటుతూ కూడా "ఏం లేదు" అంటాడు.

"నీవల్లే వచ్చిందా అమ్మా?" అంటే, పుట్టుకతో వచ్చిందని, ఎవరి తప్పూ కాదని చెప్పండి. మూడింట ఒకవంతు పిల్లల ఇళ్లలో అంతకుముందు ఎవరికీ ఉండదు.

పదేళ్లకల్లా తన రకం, తీవ్రత వాడి నోటికి రావాలి: "నాకు హీమోఫీలియా ఏ, తీవ్రమైనది." ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వద్దనడం, కండలోకి సూది వేయబోతే ఆపడం కూడా రావాలి. తలకు దెబ్బ తగిలితే రక్తం రాకపోయినా, బాగానే ఉన్నా టీచర్‌కు చెప్పి తీరాలి. అప్పుడు ముందు ఫ్యాక్టర్, తర్వాతే స్కానింగ్.