హెర్బల్ టీ వాసనతో ఇంట్లో సెంటు చేయడం ఎలా?

టీ కాచి స్పిరిట్‌లో పోస్తే అది సెంటు కాదు. మా పెద్దక్క ఆ పనే చేసింది. తులసి, అల్లం వేసి చిక్కగా కాచి, వడగట్టి, సగానికి సగం కలిపేసింది. సీసా మబ్బు పట్టింది. వారం తిరిగేసరికి అడుగున మడ్డి చేరింది. చున్నీ మీద కొట్టుకుంటే గోధుమరంగు మరక పడింది. 1992లో ఇటలీ నగల కంపెనీ బుల్గరీ కోసం గ్రీన్ టీ సెంటు చేసిన ఫ్రెంచ్ పర్ఫ్యూమర్ జాన్-క్లోద్ ఎలెనా కూడా ఆకులు కాచి పోయలేదు. వేరే పరిమళాలు కలిపి టీ కప్పు దగ్గర ముక్కు పెట్టినట్టు అనిపించేలా చేశాడు. మనమూ అంతే.

కావలసినవి నాలుగే నూనెలు: నిమ్మగడ్డి, అల్లం, ఏలకులు, వట్టివేరు. నాలుగూ అసలు ఎసెన్షియల్ ఆయిల్స్, అంటే మొక్క నుంచి తీసిన గాఢమైన వాసన నూనెలు అయి ఉండాలి. కొబ్బరినూనెలో కలిపి అమ్మే అత్తరు స్పిరిట్‌లో కరగదు, విడిపోతుంది. పర్ఫ్యూమర్స్ ఆల్కహాల్ పేరుతో దొరికే 95 శాతం స్పిరిట్, 50 మిల్లీలీటర్ల గాజు స్ప్రే సీసా, ఇంకు ఫిల్లర్లు నాలుగు, 0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ తూకం తెచ్చుకోండి. సర్జికల్ స్పిరిట్, శానిటైజర్ వద్దు. రంగుల దుకాణంలో దొరికే స్పిరిట్ అసలే వద్దు, అందులో మిథనాల్ ఉండొచ్చు. దీపం, అగరుబత్తి, స్టవ్ ఉన్న గదిలో కూర్చోకండి, స్పిరిట్ ఆవిరి చటుక్కున అంటుకుంటుంది.

తిరుపతిలో ఎవరికి చెప్పినా మొదటి ప్రశ్న ఒకటే: "తులసి నూనె వెయ్యవా?" వెయ్యను. తులసిలో ఉండే యూజినాల్ లవంగంలోనూ ఉంటుంది, పళ్ల డాక్టర్లూ వాడతారు. రెండు చుక్కలు పడ్డాయంటే పన్ను పీకించుకోవడానికి కూర్చున్నట్టే ఉంటుంది. రెండో సలహా పచ్చకర్పూరం. ఏలకులకు పచ్చకర్పూరం తోడైతే టీ ఎక్కడిది, గుళ్లో చేతిలో పోసే తీర్థం అవుతుంది. తీర్థం మీద నాకు భక్తే గానీ, ఆఫీసుకు కొట్టుకెళ్లే సెంటు వేరు. నిమ్మ తొక్కలు పిండి తీసిన నూనె కూడా వద్దు. అది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం మీద నల్లమచ్చలు రావచ్చు, మన ఊరి ఎండ సంగతి తెలిసిందే.

ఇక కొలత. అందరూ చెడగొట్టేది ఇక్కడే. చుక్కలు లెక్కపెట్టకండి. నిమ్మగడ్డి నూనె నీళ్లలా జారుతుంది, వట్టివేరు నూనె పాకంలా సాగుతుంది, ఆ చుక్కా ఈ చుక్కా ఒక బరువు ఉండవు. గ్రాముల్లోనే తూయాలి.

ముందు వట్టివేరు నూనెను పలచన చేయండి. సీసాను అయిదు నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నిలబెడితే నూనె కదులుతుంది. వేరే చిన్న సీసాలో 1 గ్రాము నూనె, 9 గ్రాముల స్పిరిట్ కలిపి ఊపండి. ఇంత తతంగం ఎందుకంటే, మనకు కావలసిన అసలు వట్టివేరు 0.10 గ్రామే. నేరుగా వేస్తే ఒక్క చుక్క ఎక్కువైనా టీ పోయి తడిపిన వట్టివేళ్ల తడక మిగులుతుంది.

ఇప్పుడు ఫ్యాన్ ఆపండి. మే నెలలో ఇది చెప్పినంత తేలిక కాదు, తెలుసు. కానీ ఆ గాలికి తూకంలో అంకె 0.12, 0.15, 0.13 అని ఊగుతుంటే మీరు వేసిందెంతో దేవుడికే తెలియాలి. ఖాళీ సీసా బరువు ముందే కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే చవక తూకాలు మధ్యలో వాటంతటవే ఆగిపోతాయి. నాకు మూడుసార్లు జరిగింది. తర్వాత సున్నా చేసి ఒక్కొక్కటే వేయండి: నిమ్మగడ్డి 0.15, అల్లం 0.25, ఏలకులు 0.20, పలచన చేసిన వట్టివేరు 1.00. మధ్యలో మళ్లీ సున్నా చేయకుండా వేస్తే తూకం వరుసగా 0.15, 0.40, 0.60, 1.60 చూపాలి. ఆ నాలుగు అంకెలూ ముందే రాసి ఎదురుగా పెట్టుకోండి.

నిమ్మగడ్డి మొదట వేయమన్నానంటే కారణముంది. అందులో నిమ్మ వాసననిచ్చే సిట్రాల్ ఎక్కువ, మోతాదు మించితే కొందరికి చర్మం దురద పెడుతుంది. మొదటే ఎక్కువ పడితే పోయేది ఆ ఒక్క నూనే. పడింది 0.15 కాక 0.18 అనుకోండి, కంగారు వద్దు, మిగతా నూనెలూ, చివర చెప్పే మొత్తం బరువూ 1.2 రెట్లు చేయండి. ఇంకో నూనె దంచి కప్పిపుచ్చుదామని మాత్రం చూడకండి.

చివరగా మొత్తం 30 గ్రాములు అయ్యేదాకా స్పిరిట్ పోయండి. స్పిరిట్ నీళ్లకంటే తేలిక కాబట్టి ఆ 30 గ్రాములూ దాదాపు 37 మిల్లీలీటర్లు ఆక్రమిస్తాయి. 30 మిల్లీలీటర్ల సీసా కొని, పొంగిపోయిందని నాకు ఫోన్ చేసినవాళ్లు ఇద్దరున్నారు.

మూత బిగించి, తేదీ రాసి, మూడు వారాలు బీరువాలో చీకట్లో ఉంచండి. మొదటి రోజు వాసన చూసి పెదవి విరవకండి, అప్పుడు తెలిసేది స్పిరిట్ ఘాటే. తర్వాత మోచేతి లోపలివైపు కొద్దిగా కొట్టి ఒక రోజు చూడండి. ఎర్రబడితే వాడొద్దు.

ఇది తేలికపాటి సెంటు, నూనెలు మొత్తం రెండున్నర శాతం కూడా లేవు. సాయంత్రం దాకా ఉండదు, మధ్యాహ్నం ఇంకోసారి కొట్టుకోవాలి. మగవాళ్లకా, ఆడవాళ్లకా అని అడుగుతారు. మా ఇంట్లో సీసా నాది, సగం ఖాళీ చేసేది మా ఆయన.