టీ-34 ట్యాంకు మోడల్: నున్నగా వచ్చిందంటే చెడినట్టే

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బాలానగర్‌లో ఫౌండ్రీ పనే చేశాను. అందుకే రెండో ప్రపంచ యుద్ధం నాటి సోవియట్ ట్యాంకు టీ-34 ప్లాస్టిక్ కిట్ పెట్టె విప్పగానే నా చెయ్యి ముందు టరెట్ మీదికే, అంటే ఫిరంగి ఉండే పై తలభాగం మీదికే పోతుంది. వేలితో రాసి చూస్తే అద్దంలా జారిపోతుంది. ఇసుక మూసలో పోసిన ఉక్కు అలా రాదు. అందులోనూ 1942లో, జర్మన్లు స్టాలిన్‌గ్రాడ్ దాకా వచ్చేసినప్పుడు, ఉరల్ పర్వతాల దగ్గర రాత్రీపగలూ పోసిన ఉక్కు అసలే రాదు.

1941 శరదృతువులో ఖార్కివ్ ఫ్యాక్టరీని యంత్రాలతో సహా రైళ్లకెక్కించి ఉరల్ దగ్గరి నిజ్నీ తగిల్ ఊరికి తరలించారు. అక్కడ పని మొదలయ్యాక ఒకటే లెక్క: బండి ఎంత త్వరగా గేటు దాటితే అంత మంచిది. టరెట్ తిరిగే రింగు, ఫిరంగి గొట్టం, ఇంజన్ లాంటి చోట్ల నునుపు తప్పదు కాబట్టి అక్కడ చూపించారు. మిగతా చోట్ల గ్రైండర్ పెట్టే తీరిక లేదు. ఇప్పుడు మనం చెయ్యాల్సింది కూడా ఆ తొందరని ప్లాస్టిక్ మీదికి తేవడమే. చేతివాటం ఇంకా కుదరనివాళ్లు మొదటి ట్యాంకుగా టీ-34 తీసుకోమని చెప్పేది ఇందుకే. జర్మన్ టైగర్ మీద గీత పడితే తప్పు కనిపిస్తుంది, దీని మీద పడితే కలిసిపోతుంది.

కిట్ 1/35 సైజులో తీసుకోండి. హల్, అంటే టరెట్ కింద ఉండే బండి ఒడలు, సుమారు 17 సెంటీమీటర్ల పొడవుంటుంది, టేబుల్ మూల సరిపోతుంది. టమియా కిట్లలో ముక్కలు తక్కువ, అమరిక బాగుంటుంది. జ్వెజ్దా, డ్రాగన్ కిట్లలో ముక్కలెక్కువ, వివరాలూ ఎక్కువే. పెట్టె మీద ఏ సంవత్సరం మోడలో చూసుకోండి. నేను చెప్పబోయేది 1942 నాటి ఆరు పలకల పోత టరెట్ గురించి. ఉరల్‌మాష్ ఫ్యాక్టరీ ప్రెస్సులో నొక్కి చేసిన టరెట్లు కూడా కొన్నున్నాయి. అవి నిజంగానే నున్నగా ఉండేవి, వాటి జోలికి పోకండి.

సామాన్లు పెద్దగా అక్కర్లేదు. నిప్పర్ లేకపోతే మంచి నెయిల్ కట్టర్, పదునైన బ్లేడు, 400, 800 నంబర్ల ఎమరీ పేపర్, ప్లాస్టిక్‌ని కరిగించి అతికే పల్చటి సిమెంట్. ఫెవిక్విక్ ట్రాకులకీ (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీలకీ), లోహపు ముక్కలకీ మాత్రమే. కిటికీ తెరిచి, ఫ్యాను వేసుకుని కూర్చోండి. ఆ సిమెంట్ వాసన తలనొప్పి తెస్తుంది.

ఇక టరెట్. రెండు సగాలూ అతికించి ఒక రాత్రి వదిలెయ్యండి. అతుకు గీత మీద పుట్టీ పెట్టి ఎమరీతో సాపు చెయ్యండి. తర్వాత ఒక పాత టూత్‌బ్రష్ కుచ్చు పొట్టిగా కత్తిరించుకోండి. టరెట్ ఒక పలక మీద సిమెంట్ ధారాళంగా పూసి, కొద్ది సెకన్లు ఆగండి. పైపొర మెత్తబడి మెరుపు తగ్గుతున్నట్టు కనిపించగానే బ్రష్షుతో నిలువుగా పొడవండి. రుద్దకూడదు, పొడవాలి. రుద్దితే చారలు పడతాయి, ఇసుక గుర్తు చారలుగా ఉండదు. ఒక్కో పలకా ఇలాగే ముగించుకుంటూ వెళ్లండి. అన్నిటికీ ఒకేసారి పూస్తే చివరిదానికి వచ్చేసరికి ఆరిపోతుంది.

ఎంత గరుకు ఉండాలన్న టెన్షన్ వద్దు. ఇంట్లో పోత ఇనుప దోసె పెనం ఉంటే తిరగేసి అడుగున వేలితో రాయండి. ఆ గరుకు కంటికి కనపడాలి గానీ, 35 రెట్లు చిన్న బొమ్మ మీద చేతికి గుచ్చుకోకూడదు. ఎక్కువైతే ఆరాక 800 ఎమరీతో తేలిగ్గా ఒకటి రెండుసార్లు తుడిచేస్తే మొనలు పోయి గుంటలు మిగులుతాయి. ఉక్కు పోతకి అచ్చం అదే రూపం.

మూసకి రెండు సగాలుంటాయి. అవి కలిసేచోట సన్నటి గట్టులాంటి గీత వస్తుంది. మా దగ్గరైతే దాన్ని కొట్టేసి గ్రైండ్ చేసేవాళ్లం, ఆ రోజుల్లో వాళ్లు చాలాచోట్ల వదిలేశారు. ఆ గీత కోసం కిట్ ఫ్రేములో మిగిలిన ప్లాస్టిక్ కడ్డీని కొవ్వొత్తి సెగకి కాస్త ఎత్తులో పట్టుకుని, మెత్తబడగానే బయటికి తీసి లాగండి. వెంట్రుకంత సన్నటి దారం వస్తుంది. దాన్ని సిమెంట్‌తో టరెట్ చుట్టూ అతికించి, మెత్తబడ్డాక బ్లేడుతో అక్కడక్కడా గీకెయ్యండి. ఒకచోట తెగి, ఇంకోచోట లావుగా ఉంటేనే నమ్మబుద్ధేస్తుంది.

హల్ మీద మాత్రం ఈ పని చెయ్యకండి. అది పోత కాదు, రోలింగ్ మిల్లు పలకలు వెల్డ్ చేసి కట్టింది. పైగా వెల్డింగ్ శాస్త్రవేత్త యెవ్‌గెనీ పాటన్ తన ఇన్‌స్టిట్యూట్‌తో సహా నిజ్నీ తగిల్ వచ్చి, హల్ అతుకులకి ఆటోమేటిక్ వెల్డింగ్ పెట్టించాడు. అందుకని అక్కడి బండి మీద పొడవాటి అతుకులు సమంగా, వెడల్పుగా ఉంటాయి. చేత్తో వేసిన చిన్న చిన్న అతుకులే వంకరగా ఉంటాయి. సన్నటి ప్లాస్టిక్ దారం అతికించి, సిమెంట్‌తో మెత్తబరిచి, బ్లేడు వీపుతో పక్కపక్కనే నొక్కుతూ పోతే వెల్డ్ పూస వస్తుంది.

కిట్ ఎక్కడ అబద్ధమాడుతుందో లెక్క వేసి చూడండి. మడ్‌గార్డు అంచు ప్లాస్టిక్‌లో 1 మిల్లీమీటరు ఉందనుకోండి. దాన్ని 35తో గుణిస్తే మూడున్నర సెంటీమీటర్ల రేకు! బండి పక్క కవచమే 45 మిల్లీమీటర్లు. మడ్‌గార్డు అడుగు వైపు నుంచి అంచుని బ్లేడుతో ఏటవాలుగా గీకి పల్చన చెయ్యండి, పై నుంచి చూస్తే రేకులా కనిపిస్తుంది. ముందు మూల ఒకటి కోసేసి, కూల్‌డ్రింక్ డబ్బా రేకు అతికించి కాస్త వంచితే ఇంకా బాగుంటుంది. వెనక ఇంజన్ మీద జాలి ప్లాస్టిక్ దిమ్మగా వస్తే తీసేసి టీ వడకట్టే స్టీలు జాలి ముక్క పెట్టండి. దోమల మెష్ పనికిరాదు, దాని కన్నాలు ఈ కొలతకి మరీ పెద్దవి. ఫిరంగి మూతి కూడా తెరవాలి. 76.2 మిల్లీమీటర్ల గొట్టం కాబట్టి మనకి 2 మిల్లీమీటర్ల పైచిలుకు కన్నం.

చక్రాల దగ్గర అసలు కథ ఉంది. రబ్బరు కరువొచ్చి 1942లో చాలా బండ్లకి పూర్తి ఉక్కు చక్రాలే వేశారు. అవి చేసే చప్పుడూ, అదురూ భరించలేక, దొరికినప్పుడు మొదటి చక్రానికీ ఐదో చక్రానికీ రబ్బరువి వేసి, మధ్య మూడూ ఉక్కువి ఉంచారు. కిట్‌లో రెండు రకాలూ ఇస్తే ఇలా కలిపి వెయ్యండి. దాన్నిబట్టే అది ఏ కాలం బండో తెలిసిపోతుంది.

టీ-34కి పైన ట్రాకుని మోసే చిన్న రోలర్లుండవు. పై ట్రాకు నేరుగా పెద్ద చక్రాల మీదే పడుకుని, చక్రానికీ చక్రానికీ మధ్య కొంచెం దిగుతుంది. రబ్బరులాంటి ఒకే పట్టీ ట్రాకు వచ్చిన కిట్లలో అది బిగుసుకుని గాల్లో తేలుతుంది. అలా వదిలేస్తే 28 టన్నుల బండి కాస్తా కీ ఇచ్చే బొమ్మ అయిపోతుంది. ప్రతి చక్రం నెత్తిన చిన్న ఫెవిక్విక్ చుక్క వేసి, ట్రాకుని కిందికి నొక్కి, చక్రాల మధ్య ఇయర్‌బడ్ ముక్కలు దూర్చి ఆరేదాకా ఉంచండి. విడి లింకుల ట్రాకైతే సిమెంట్ సగం ఆరినప్పుడే చుట్టేస్తే దానంతటదే దిగుతుంది.

రంగు సంగతి తేలిక. సోవియట్ బండ్ల 4బీఓ ఆకుపచ్చకి టమియా రంగుల్లో ఎక్స్‌ఎఫ్-58 నంబరుదానిలో కొద్దిగా ముదురు పసుపు ఎక్స్‌ఎఫ్-60 కలిపి వాడతాను. బొమ్మ చిన్నది కాబట్టి అసలు రంగు కంటే ఒక పాలు లేతగానే ఉండాలి. వానాకాలం ముసురు పట్టినప్పుడు స్ప్రే చెయ్యకండి, తేమకి తెల్లటి పొర పడుతుంది.

చలికాలం బండి చెయ్యాలంటే ఆకుపచ్చ బాగా ఆరాక రెండు పల్చటి కోట్లు హెయిర్‌స్ప్రే కొట్టి, అదీ ఆరాక పైన తెల్ల యాక్రిలిక్ పల్చగా వెయ్యండి. అరగంట తర్వాత తడి బ్రష్షుతో రుద్దితే తెలుపు లేచొస్తుంది. వాళ్లూ సున్నంలాంటిదే, వసంతం రాగానే కడిగేసేలా, చీపురు కుంచెలతో పూశారు. అందుకని తెలుపు అంతటా సమానంగా ఉండకూడదు. సిబ్బంది కాలు పెట్టే చోట్ల, అంటే డ్రైవర్ తలుపు చుట్టూ, టరెట్ మూతల దగ్గర, వెనక డెక్ మీద ఎక్కువ పోగొట్టండి. నంబర్లకి స్టిక్కర్ వాడకుండా సన్న కుంచెతో చేత్తోనే రాయండి, కొంచెం ఒరిగినా పర్లేదు.

తుప్పు దగ్గరే చాలామంది చెయ్యి ఆగదు. బండంతా నారింజ రంగు కారుస్తారు. ముందు వరసలో ఉన్న టీ-34లు చాలావరకు అంత తుప్పు పట్టేదాకా బతకలేదు. వెనకున్న రెండు పొగగొట్టాలకీ, ట్రాకులకీ తుప్పు వెయ్యండి, చాలు. ట్రాకు నేలకి తగిలే గట్లు మాత్రం అరిగి మెరవాలి. అన్నీ ఆరాక, మ్యాట్ వార్నిష్ కూడా అయ్యాక, 6బీ పెన్సిల్ ముక్కుని పక్కవాటుగా పెట్టి ఆ గట్ల మీద రుద్దండి. వార్నిష్‌కి ముందే రుద్దితే ఆ మెరుపు కాస్తా పోతుంది.