యెహెజ్కేలు చూసిన ఆలయం: కాగితం, పెన్సిలు పట్టుకుని చదవడం ఎలా?

బైబిల్లోని యెహెజ్కేలు గ్రంథంలో, ప్రవక్త దర్శనంలో చూసిన ఆలయాన్ని వర్ణించే 40వ అధ్యాయానికి రాగానే చాలామంది గబగబా పేజీలు తిప్పేస్తారు. గోడ ఇన్ని మూరలు, గుమ్మం ఇన్ని మూరలు, గదులు ఇన్ని అంటూ మేస్త్రీ లెక్కల పుస్తకంలా సాగుతుంది మరి. నేనూ రెండుసార్లు అక్కడే ఆగిపోయాను. మూడోసారి గీస్తూ చదివాను, అప్పుడు గానీ విషయం బోధపడలేదు. కాబట్టి 40 నుంచి 48 దాకా ఉన్న ఈ తొమ్మిది అధ్యాయాలకు ఒక కాగితం, పెన్సిలు, స్కేలు సిద్ధం చేసుకోండి.

1. ముందు తేదీ చూడండి

మొదటి వచనంలోనే ఉంది: చెరలోకి వచ్చిన 25వ ఏడు, యెరూషలేము కూలిన 14వ ఏడు. అంటే క్రీ.పూ. 573. యెహెజ్కేలు యాజకుడు. క్రీ.పూ. 597లో రాజైన యెహోయాకీనుతో పాటు బబులోనుకు తరలిపోయినవారిలో ఒకడు. ఆయన సేవ చేయవలసిన ఆలయం కాలి బూడిదైంది. గోడలు లేని చోట గోడలను కొలుస్తున్నాడని గుర్తుంటే ఆ అంకెలు విసుగు పుట్టించవు.

2. కొలత తెలుసుకుని గీయండి

దర్శనంలో కనిపించిన మనిషి చేతిలో ఆరు మూరల కొలకర్ర ఉంది. అది మన పూలమ్మే మూర కాదు. ఒక్కొక్కటి మూర మీద బెత్తెడు, దాదాపు 52 సెంటీమీటర్లు. కర్ర మూడు మీటర్లకు కాస్త పైన.

ఏ4 కాగితం మీద 25 మూరలకు ఒక సెంటీమీటరు చొప్పున వేసుకోండి. తూర్పు నుంచి పడమరకు వరసగా కూడండి: బయటి గుమ్మం 50, బయటి ఆవరణం 100, లోపలి గుమ్మం 50, లోపలి ఆవరణం 100, మందిరం 100, దాని వెనుక ఖాళీ స్థలమూ కట్టడమూ కలిపి 100. మొత్తం 500. ఉత్తరం నుంచి దక్షిణానికి కూడినా 500 వస్తుంది. 42వ అధ్యాయంలో హెబ్రీ పాఠం 500 ‘కొలకర్రలు’ అంటుంది, ప్రాచీన గ్రీకు అనువాదంలో ఆ మాట లేదు. కర్రలైతే ఒక్కో వైపు కిలోమీటరున్నర దాటుతుంది. మీ కాగితం మీది లెక్క మూరల వైపే మొగ్గుతుంది.

ఇప్పుడు మూల నుంచి మూలకు రెండు గీతలు గీయండి. అవి కలిసేది మందిరపు లోపలి గది అయిన అతి పరిశుద్ధ స్థలంలో కాదు, లోపలి ఆవరణం నడిమధ్యన. బలిపీఠం ఆ ఆవరణంలోనే, మందిరానికి ఎదురుగా ఉందని చెప్పాడు. నక్షా గీసేవారు సాధారణంగా దాన్ని ఆ మధ్యబిందువు మీదే పెడతారు. నా మట్టుకు నాకు ఈ గ్రంథంలో అన్నిటికన్నా నచ్చిన చోటు ఇది.

3. ఎవరు ఎటు నడుస్తారో బాణపు గుర్తులు వేయండి

మొదటి బాణం దేవుని మహిమకు. 10, 11 అధ్యాయాల్లో అది తూర్పు ద్వారం మీదుగా పట్టణాన్ని వదిలి వెళ్లింది. 43లో తూర్పు నుంచే తిరిగి వస్తుంది. 44లో ఆ బయటి ద్వారం మూసేస్తారు, ఇక ఎవరూ ప్రవేశించరు. ప్రజలను పాలించే అధిపతి మాత్రం ఆ ద్వారంలో కూర్చుని భోజనం చేయవచ్చు.

ఈ అధిపతిని వదలకుండా గమనించండి. సొలొమోను ఆలయాన్ని ఏడేళ్లలో కట్టి, తన ఇంటికి పదమూడేళ్లు పెట్టాడు. తన గుమ్మం పక్కనే రాజులు తమ గుమ్మాలు పెట్టుకున్నారని 43లో దేవుడు తప్పుపడతాడు. కొత్త నక్షాలో రాజనగరు ఆలయాన్ని ఆనుకుని లేదు. అధిపతికి వేరే భూమి ఇచ్చి, ప్రజల స్వాస్థ్యం (వారసత్వ భూమి) లాక్కోవద్దని 46లో కట్టడి చేశాడు. అహాబు రాజు లాక్కున్న నాబోతు ద్రాక్షతోట కథ తెలిసినవారికి ఇది ఎవరికి తగిలే మాటో వేరే చెప్పనక్కరలేదు.

4. నీటిని, నేలను అదే కాగితం వెనుక గీయండి

47లో గడప కింద నుంచి నీళ్లు ఊరతాయి. వెయ్యేసి మూరలకు చీలమండ లోతు, మోకాళ్ల లోతు, నడుము లోతు, ఆపైన ఈదితే తప్ప దాటలేని నది. అది ఉప్పు సముద్రంలో (మృత సముద్రంలో) పడి చేపల్ని పుట్టిస్తుంది. దాని ఒడ్డున ఏన్గెదీ దగ్గర జాలర్లు వలలు ఆరేస్తారు. అయినా బురద నేలలు, గుంటలు బాగుపడవు, ఉప్పు కోసం వాటిని వదిలేస్తాడు. దర్శనంలోనూ వంటింటికి ఉప్పు కావాలి కదా!

భూపంపకం తూర్పు పడమరలుగా పన్నెండు పట్టీలు. ఆలయానికి కేటాయించిన పవిత్ర భాగానికి ఉత్తరాన ఏడు గోత్రాలు, దక్షిణాన అయిదు. కొండలూ లోయలూ లెక్కలోకి రావు. ఒకప్పుడు యొర్దాను అవతల ఉన్న రూబేను, గాదు కూడా ఇవతలికి వచ్చేశాయి. ఇశ్రాయేలీయుల మధ్య కాపురమున్న పరదేశులకూ వాటా ఉంది, దాని కింద గీత గీయండి.

5. తేడాలను తొందరపడి సరిచేయకండి

అమావాస్య బలికి మోషే ధర్మశాస్త్రంలోని సంఖ్యాకాండం రెండు కోడెలు, ఏడు గొర్రెపిల్లలు అంటే, యెహెజ్కేలు ఒక కోడె, ఆరు గొర్రెపిల్లలు అంటాడు. హనన్యా బెన్ హిజ్కియా అనే పండితుడు మేడగదిలో కూర్చుని, 300 జాడీల నూనె దీపానికి ఖర్చయ్యేదాకా ఇలాంటి తేడాలకు సమాధానాలు వెతికాడని యూదు పండితుల బోధల గ్రంథమైన తల్మూదు చెబుతుంది. మీకు ఒక్క సాయంత్రంలో తేలకపోతే బాధపడకండి. చెర నుంచి తిరిగి వచ్చినవారు కట్టిన రెండో ఆలయం కూడా ఈ నక్షా ప్రకారం లేవలేదు.

6. చివరగా జెకర్యా గ్రంథం 14వ అధ్యాయం తెరవండి

అక్కడా యెరూషలేము నుంచి నీళ్లు పారతాయి, కానీ సగం తూర్పు సముద్రానికి, సగం పడమటి సముద్రానికి. వంటపాత్రల సంగతి మరీ చూడండి. యెహెజ్కేలు నక్షాలో బలిమాంసం వండే వంటశాలలకు ప్రత్యేక స్థలాలున్నాయి. యాజకులు తమ భాగాన్ని బయటి ఆవరణంలోకి తీసుకురాకుండా లోపలే వండుకోవాలి. జెకర్యా ఆఖరి వచనానికి వచ్చేసరికి యెరూషలేములో, యూదాలో ఉన్న ప్రతి కుండా ప్రతిష్ఠితమే. బలి అర్పించేవారు చేతికందిన దానిలో వండుకోవచ్చు.