చూరుకి ఎన్ని సీరియల్ సెట్లు కావాలి? అమెరికాలో కొత్తగా ఇల్లు తీసుకున్నవారికి

షాపులో నిలబడి ఎన్ని బల్బులు కావాలా అని ఆలోచిస్తే లెక్క తేలదు. ముందు ఇంటి బయట కరెంటు ప్లగ్ ఎక్కడుందో చూసుకోండి. కొలత అక్కడే మొదలవ్వాలి.

చూరు కొలవడానికి నిచ్చెన ఎక్కనక్కర్లేదు, గోడ వెంబడి నేలమీద టేపు పరిస్తే చాలు. త్రికోణంగా లేచిన కప్పుకి మాత్రం అది చాలదు. 12 అడుగులకి 6 అడుగులు లేచే వాలైతే 1.12తో గుణించాలి. చూరు అంచున వాననీళ్ళ కాలువ (గట్టర్) 40 అడుగులు, త్రికోణం కింద వెడల్పు 16 అనుకుందాం. ఆ 16 కాస్తా 18 అవుతుంది, మొత్తం 58. చూరుకి కట్టే సీ9 అనే పెద్ద బల్బులు సాధారణంగా అడుగుకొకటి, 25 బల్బుల సెట్టుగా దొరుకుతాయి. మూడు సెట్లు తీసుకోండి, బల్బుకొక క్లిప్పు. ప్లగ్ నుంచి చూరుదాకా బయట వాడే ఎక్స్‌టెన్షన్ కార్డు వేయండి, అక్కడ బల్బులు దండగ.

బిగించేటప్పుడు పిన్నులున్న కొస ప్లగ్ వైపు ఉండాలి. తిరగేసి మొదలుపెడితే 58 క్లిప్పులూ మళ్ళీ ఊడదీయాల్సిందే. చాలామంది మొదటిసారి చేసే తప్పు ఇదే.

చెట్టు మానుకి లెక్క వేరు. చుట్టుకొలత 2 అడుగులు, చుట్టే ఎత్తు 6 అడుగులు, వరసల మధ్య 3 అంగుళాల ఎడం అనుకుంటే 24 చుట్లు, అంటే 48 అడుగుల దండ. మినీ బల్బులు 4 అంగుళాలకొకటి ఉంటే సుమారు 145 బల్బులు. పొదలకి ఇవేవీ వద్దు, 4×6 అడుగుల వల సెట్టు పరిచేయండి.

పాతరకం సీ9 ఒక్కోటి 7 వాట్లు, 75 బల్బులకే 525. ఎల్‌ఈడీలో ఇది పదోవంతు దాకా తగ్గుతుంది. 15 ఆంప్స్ సర్క్యూట్‌పై 1,440 వాట్లు దాటనివ్వకండి. గరాజ్‌లో ఫ్రిజ్ అదే సర్క్యూట్ మీద ఉంటే దాన్నీ కలుపుకోవాలి. ఒకదానికొకటి ఎన్ని సెట్లు తగిలించవచ్చో లేబుల్ మీద ఉంటుంది. మించితే సెట్టు పిన్నులున్న కొసలోని చిన్న ఫ్యూజు పోతుంది.

వాన రాత్రి అన్నీ ఒక్కసారే ఆరిపోతే బల్బుల్ని అనుమానించకండి. తడి గడ్డిలో పడున్న జాయింటు వల్ల జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే ఆపేసే రక్షణ స్విచ్) ట్రిప్ అయి ఉంటుంది. జాయింటు ఆరబెట్టి, నేలకి ఎత్తుగా కట్టి, రీసెట్ నొక్కండి.

ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల సెట్లు ఇక్కడి 120కి సరిగ్గా వెలగవు. దీపావళికే కట్టి జనవరిదాకా ఉంచాలనుకుంటే హెచ్‌ఓఏని (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘాన్ని) ఏ తేదీల మధ్య ఉంచనిస్తారో ముందే అడగండి. ఒక సెట్టు అదనంగా కొనిపెట్టుకోండి, వచ్చే ఏడాది కొనే వార్మ్ వైట్ (పసుపు ఛాయ తెలుపు) ఇదే రంగులో దొరక్కపోవచ్చు.