అమెరికా రక్షణ ఎగుమతి నియంత్రణలు: విదేశీ సంస్థ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి

అమెరికాలో తయారైన రక్షణ విడిభాగాన్ని కొనబోయే విదేశీ సంస్థ సాధారణంగా రెండు ఊహలతో పని మొదలుపెడుతుంది. అనుమతి తెచ్చుకోవడం అమ్మేవారి పని అన్నది మొదటిది. సరుకు మన గోదాములోకి చేరాక అది మన సొత్తు కాబట్టి ఇక మన దేశ చట్టం చూసుకుంటే చాలు అన్నది రెండవది. మొదటి దానిలో సగం నిజముంది. రెండవది పూర్తిగా తప్పు, ప్రమాదకరం కూడా. ఆ వస్తువు ఎన్ని చేతులు మారినా, ఎన్ని సరిహద్దులు దాటినా అమెరికా చట్టం దాని వెంటే, దాని డ్రాయింగుల వెంటే నడుస్తుంది. ఈ ఒక్క సంగతి మనసులో నాటుకుంటే, చదవడానికి కఠినంగా కనిపించే నిబంధనల్లో చాలావాటికి కారణం బోధపడుతుంది.

ఈ నియంత్రణలు ప్రధానంగా రెండు శాఖల చేతుల్లో ఉన్నాయి. 1976 నాటి ఆయుధాల ఎగుమతి నియంత్రణ చట్టం కింద వచ్చిన నిబంధనలను అందరూ ఐటార్ అంటారు. వీటిని విదేశాంగ శాఖలోని డీడీటీసీ అనే విభాగం అమలు చేస్తుంది, 21 తరగతుల యుద్ధసామగ్రి జాబితా అయిన యూఎస్‌ఎంఎల్ ఇందులో భాగం. వాణిజ్య శాఖలోని బీఐఎస్ చూసే నిబంధనలు ఈఏఆర్, వాటి జాబితా సీసీఎల్. పౌర, సైనిక అవసరాలు రెండింటికీ పనికివచ్చే వస్తువులు ఈ రెండో జాబితాలో ఉంటాయి. వాటితోపాటు, 2013లో అమల్లోకి రావడం మొదలైన సంస్కరణల్లో ఐటార్ నుంచి ఇటు మారిన అనేక సైనిక విడిభాగాలు ‘600 సిరీస్’ పేరుతో ఇక్కడే ఉన్నాయి. కాబట్టి సైనిక వస్తువైతే ఐటారే అనుకోవడం, వాణిజ్య శాఖ పరిధిలోదైతే ఇబ్బందేమీ లేదనుకోవడం రెండూ తొందరపాటే.

అందుకే మొదట తెలుసుకోవలసింది వర్గీకరణ. కొనుగోలు ఆర్డరు ఇవ్వకముందే, ధర మాట్లాడుకునే దశలోనే, ప్రతి భాగమూ ప్రతి డ్రాయింగూ ప్రతి సాఫ్ట్‌వేరూ యూఎస్‌ఎంఎల్‌లో ఏ పేరా కిందికి వస్తుందో, లేదా సీసీఎల్‌లో దాని ఈసీసీఎన్ అనే వర్గీకరణ సంకేతం ఏమిటో సరఫరాదారును రాతపూర్వకంగా అడగాలి. ఉదాహరణకు 9ఏ610 అని రాసి ఇస్తే అది సైనిక విమానాలకు, వాటి భాగాలకు చెందిన సంకేతం. మూడో స్థానంలోని 6 అంకె 600 సిరీస్‌కు గుర్తు. ‘మా ఉత్పత్తులు ఎగుమతి నియంత్రణలకు లోబడి ఉండవచ్చు’ అనే వాక్యంతో సరిపెట్టే సరఫరాదారులు ఉంటారు. దాన్ని జవాబుగా తీసుకోకూడదు, మళ్లీ అడగాలి. నిజంగానే సందేహం ఉంటే డీఎస్-4076 ఫారం ద్వారా ఆ వస్తువు ఎవరి పరిధిలోదో తేల్చమని డీడీటీసీని కోరవచ్చు. ఆ దరఖాస్తు తయారీదారు చేతనే పెట్టించడం మంచిది, ఎందుకంటే ఏ అవసరం కోసం దాన్ని రూపొందించారో చూపే కాగితాలు వారి దగ్గరే ఉంటాయి.

వర్గీకరణ మీద ఇంత పట్టుబట్టడానికి కారణముంది. యూఎస్‌ఎంఎల్‌లోని ఒక చిన్న భాగాన్ని మీ దేశంలో తయారైన పెద్ద యంత్రంలో బిగించినా దాని మీది నియంత్రణ పోదు. విలువలో అది వెయ్యో వంతు అయినా సరే, ఆ యంత్రాన్ని మూడో దేశానికి అమ్మాలంటే డీడీటీసీ అనుమతి కావాలి. ఈఏఆర్ లెక్క వేరు: విదేశంలో తయారైన వస్తువులో నియంత్రిత అమెరికా భాగాల విలువ సాధారణంగా 25 శాతం మించకపోతే ఆ వస్తువు ఈఏఆర్ పరిధిలోకి రాదు. అయితే ఇరాన్, ఉత్తర కొరియా, క్యూబా వంటి దేశాల విషయంలో ఈ హద్దు 10 శాతమే. అమెరికా ఆయుధ నిషేధం ఉన్న చైనా వంటి దేశాలకు వెళ్లే సరుకులో 600 సిరీస్ భాగాలుంటే అసలు ఏ మినహాయింపూ లేదు. ఒక చిన్న భాగం ఏ జాబితాలో ఉందన్నదాన్ని బట్టి మొత్తం యంత్రం ఎవరికి అమ్మగలమో తేలుతుందన్నమాట. 1999లో వాణిజ్య ఉపగ్రహాలు ఐటార్ కిందికి వెళ్లినప్పుడు, అమెరికా భాగాలు లేకుండా ఉపగ్రహాలు తయారు చేసే దారిని ఐరోపా తయారీదారులు వెతుక్కున్నది ఇందుకే; 2014లో వాటిలో చాలావాటిని తిరిగి వాణిజ్య శాఖకు మార్చారు.

అయితే సంస్థలు ఎక్కువగా చిక్కుకునేది వస్తువు దగ్గర కాదని నా అభిప్రాయం, సమాచారం దగ్గర. ఐటార్ దృష్టిలో డ్రాయింగు, పరీక్షా విధానం, తయారీ వివరం అన్నీ సాంకేతిక సమాచారమే. దాన్ని ఈమెయిల్‌లో పంపినా, సమావేశంలో తెరమీద చూపినా, అమెరికా గడ్డ మీదే విదేశీ ఇంజనీరుకు నోటిమాటగా చెప్పినా అది ఎగుమతే. రూపకల్పనలోనో మరమ్మతులోనో సాయం చేయడం కూడా ‘రక్షణ సేవ’గా నియంత్రణ కిందికి వస్తుంది. అందువల్ల సరుకుకు డీఎస్‌పీ-5 అనే ఎగుమతి లైసెన్సు ఉంది కదా అని సాంకేతిక చర్చలు మొదలుపెట్టకూడదు. సాయానికి టీఏఏ, విదేశంలో తయారీకి ఎంఎల్‌ఏ అనే ఒప్పందాలకు ముందుగా డీడీటీసీ ఆమోదం తీసుకోవాలి, ఆమోదించిన పరిధిని దాటి ఒక్క డ్రాయింగు కూడా అడగకూడదు. ఈ ఒప్పందాల మీద సంతకం చేసేది మీరే కాబట్టి వాటిలోని షరతులకు మీరే జవాబుదారులు. ఎంఎల్‌ఏ అయితే ఏటా అమ్మకాల నివేదిక ఇవ్వాలన్న షరతూ ఉంటుంది. ఇక 2020 మార్చి నుంచి ఒక వెసులుబాటు అమల్లో ఉంది: రహస్య వర్గంలో లేని సమాచారాన్ని పంపినవారి నుంచి అందుకునేవారి వరకు ఎక్కడా విప్పకుండా, నిర్దేశిత స్థాయి ఎన్‌క్రిప్షన్‌తో పంపినా నిల్వచేసినా, నిషేధిత దేశాల్లో ఉంచనంతవరకు దాన్ని ఎగుమతిగా లెక్కించరు. ఆ తాళం విప్పే వీలును అనుమతి లేని విదేశీయుడికి ఇస్తే మాత్రం ఆ రక్షణ పోతుంది.

మీ సొంత ఉద్యోగుల విషయం ఇంకా సున్నితమైనది. మీ సంస్థకు అనుమతి ఉందంటే మీ దేశ పౌరులకు ఉందని అర్థం. వేరే దేశపు పౌరసత్వం కూడా ఉన్న ఉద్యోగి, మూడో దేశపు ఉద్యోగి ఐటార్ దృష్టిలో వేరే లెక్క. 2011 ఆగస్టులో ఐటార్‌లోకి వచ్చిన 126.18 నిబంధన ఇందుకు ఒక దారి చూపింది. శాశ్వత ఉద్యోగికి మీ ప్రభుత్వ భద్రతా అనుమతి ఉన్నా, లేదా నిషేధిత దేశాలతో అతనికి గాఢమైన సంబంధాలు లేవని సంస్థ పరిశీలించి, గోప్యతా ఒప్పందం తీసుకుని, ఆ రికార్డు ఉంచినా అతను ఆ సమాచారంతో పనిచేయవచ్చు. మనిషి పుట్టిన దేశాన్ని బట్టి దూరం పెట్టడం వివక్ష అవుతుందని చాలా దేశాల చట్టాలు చెబుతాయి. కాబట్టి మీ దేశపు కార్మిక చట్టం తెలిసిన న్యాయవాదిని అడగకుండా ఉద్యోగులకు ప్రశ్నావళి పంచవద్దు. ఇది కాగితాల పని మాత్రమే కాదు, తోటి మనిషి గౌరవానికి సంబంధించినది.

ముఖ్యమైన సైనిక పరికరాలకు, వాటిని ఎవరు ఎందుకు వాడతారో చెప్పి, మరొకరికి ఇవ్వబోమని హామీ ఇచ్చే డీఎస్‌పీ-83 ధ్రువపత్రం మీద సరుకు అందుకునేవారు, తుది వినియోగదారుడు సంతకాలు చేయాలి, అవసరమైతే మీ ప్రభుత్వం కూడా చేయాలి. అందులో చెప్పిన దేశం, వాడకం, వాడేవారు మారుతున్నారంటే అది పునరెగుమతి లేదా చేతిమార్పు, దానికి ముందస్తు అనుమతి కావాలి. మరమ్మతుకని మరో ఊరి వర్క్‌షాపుకు పంపడం, మీ అనుబంధ సంస్థకు ఇవ్వడం కూడా ఇందులోకి రావచ్చు. కొనుగోలు విభాగానికి తెలిసి స్టోర్స్‌కు తెలియకపోతే తప్పు జరిగేది ఇక్కడే. ఐటార్ కింద నమోదైన అమెరికా సంస్థను మీరే కొనబోతుంటే, అమ్మకానికి కనీసం 60 రోజుల ముందు ఆ సంస్థ డీడీటీసీకి తెలియజేయాలి.

ఉల్లంఘనకు క్రిమినల్ శిక్ష ఒక్కోదానికి 10 లక్షల డాలర్ల జరిమానా, 20 ఏళ్ల జైలు వరకు ఉండవచ్చు. సివిల్ జరిమానాలు దీనికి అదనం. విదేశీ సంస్థల దాకా ఇది రాదనుకుంటే, 2011లో బ్రిటన్‌కు చెందిన బీఏఈ సిస్టమ్స్ అమెరికా విదేశాంగ శాఖకు 7.9 కోట్ల డాలర్లు కట్టేందుకు ఒప్పుకున్న సంగతి గుర్తుంచుకోవాలి. తప్పు బయటపడినప్పుడు ఆ సరుకును, ఆ ఫైళ్లను వెంటనే కదలకుండా ఆపండి, ఈమెయిళ్లేవీ చెరిపేయవద్దు, అమెరికా సరఫరాదారుకు అదే రోజు తెలియజేయండి. స్వచ్ఛందంగా వెల్లడించడాన్ని డీడీటీసీ శిక్ష తగ్గించే అంశంగా పరిగణించవచ్చు. మొదటి సమాచారం ఇచ్చిన 60 రోజుల్లో పూర్తి వివరాలు అందించాలి కాబట్టి ఏ డ్రాయింగు ఏ తేదీన ఎవరికి వెళ్లిందో చూపే రికార్డు కనీసం 5 ఏళ్లపాటు మీ దగ్గర ఉండాలి. ఆ రికార్డును మొదటి డ్రాయింగు అందిన రోజునే తెరవండి.