సెంటర్ స్పీకర్ కొనే ముందు

విజయనగరంలోని మా ఇంటి హాలులో హోం థియేటర్ అమర్చుకున్నప్పుడు తెరకు ఎడమ, కుడి పక్కల ఉండే మెయిన్ స్పీకర్లు ఒక కంపెనీవి, వాటి నడుమ ఉండే సెంటర్ స్పీకర్ మరో కంపెనీది కావడంతో, తెర మీద మనిషి ఎడమ నుంచి కుడికి నడుస్తూ మాట్లాడితే మధ్యలోకి రాగానే అతని గొంతే మారిపోయినట్లు వినిపించేది. సినిమా సంభాషణల్లో అధిక భాగం సెంటర్ స్పీకర్ నుంచే వస్తుంది కనుక ఈ తేడా చాలా బాధిస్తుంది. ఒకే పనస దుంగలో చెక్కిన బొబ్బిలి వీణనూ, ముక్కలు అతికించి చేసిన వీణనూ ఒకే శ్రుతిలో మీటినా నాదం ఒకటి కానట్లే, వాల్యూం సమానం చేసినంత మాత్రాన రెండు వేర్వేరు స్పీకర్ల గొంతు కలవదు.

అందువల్ల మెయిన్ స్పీకర్ల కంపెనీదే కాక అదే సిరీస్‌కు చెందిన, ముఖ్యంగా అదే ట్వీటర్ (సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులు పలికే భాగం) ఉన్న సెంటర్ స్పీకర్‌ను ఎంచుకోండి. మంద్ర ధ్వనులు పలికే వూఫర్ కొంచెం చిన్నదైనా ఫరవాలేదు. స్పీకర్లన్నింటికీ ధ్వనిని పంపే రిసీవర్‌లో క్రాసోవర్‌ను, అంటే ధ్వనిని స్పీకర్లకూ సబ్‌వూఫర్‌కూ పంచే హద్దును, 80 హెర్ట్జ్ దగ్గర పెడితే ఆ కింది ధ్వనిని సబ్‌వూఫర్ (మంద్ర ధ్వనులకే ఉన్న విడి స్పీకర్) చూసుకుంటుంది. రిసీవర్‌లోని టెస్ట్ టోన్‌ను (పరీక్ష కోసం వినిపించే హోరును) మూడు స్పీకర్లలో వరుసగా వినిపించి, ఆ హోరు ఒకచోట పదునుగా, మరొకచోట మందంగా ఉందేమో కళ్లు మూసుకుని గమనించండి.

టీవీ స్టాండు అరలో పెట్టేవారు స్పీకర్‌ను లోపలికి నెట్టకుండా ముందు అంచు దాకా జరిపి, ముఖం మీ చెవుల వైపు కాస్త ఎత్తి ఉంచాలి. జత కుదిరేది దొరకకపోతే, రిసీవర్‌లో సెంటర్ లేదని సెట్ చేసి మెయిన్ స్పీకర్లతోనే సంభాషణలు వినడం, నడుమ కూర్చునేవారికైనా, నా దృష్టిలో మేలు.