టీచర్ కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఇది తేల్చుకోండి: చిన్నపిల్లలకు చెబుతారా, హైస్కూలు వాళ్లకా? ఐదో తరగతి వరకు చెప్పే ఎస్జీటీ పోస్టుకి బీఈడీ పనికిరాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పేసింది, అయినా "బీఈడీ చేస్తే రెండూ రాయొచ్చు" అనేవాళ్లు ఇంకా ఊరికొకరు ఉన్నారు. ఎస్జీటీకైతే ఇంటర్ తర్వాత డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల డీఎల్ఈడీ అనే టీచర్ ట్రైనింగ్ కోర్సు చేయండి.

హైస్కూలుకైతే డిగ్రీ, ఎడ్‌సెట్ (బీఈడీ ప్రవేశ పరీక్ష), రెండేళ్ల బీఈడీ. అసలు మెలిక మెథడాలజీ దగ్గరుంది, అంటే ఏ సబ్జెక్టు చెప్పడంలో శిక్షణ తీసుకుంటారో అది. డిగ్రీలో చదివిన సబ్జెక్టుల్ని బట్టే అది వస్తుంది, రేపు డీఎస్సీలో (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) స్కూల్ అసిస్టెంట్‌గా, అంటే హైస్కూలు టీచర్‌గా రాయగలిగేదీ దాన్ని బట్టే, కాబట్టి లెక్కల టీచర్ అవుదామనుకుని మ్యాథ్స్ లేని గ్రూపులో చేరితే తర్వాత చేసేదేం ఉండదు. బీటెక్ వాళ్లకూ బీఈడీకి దారి ఉంది.

ఇంటర్‌లోనే గట్టిగా అనుకున్నారా, ఎన్‌సీఈటీ అనే ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీ, బీఈడీ కలిసిన నాలుగేళ్ల ఐటీఈపీ కోర్సులో చేరండి, వరంగల్ ఎన్ఐటీలో కూడా ఉంది, ఏడాది కలిసొస్తుంది.

కాలేజీకి ఎన్‌సీటీఈ (టీచర్ ట్రైనింగ్ కోర్సుల్ని నియంత్రించే కేంద్ర సంస్థ) గుర్తింపు ఉందో లేదో చూడండి. "రాకపోయినా పర్లేదు, అటెండెన్స్ మేం చూసుకుంటాం" అనే చోట మాత్రం ఫీజు కట్టొద్దు, బీఈడీలో పనికొచ్చేదల్లా బడిలో నిలబడి పాఠం చెప్పే ఆ ఇంటర్న్‌షిప్పే. టీచర్ అర్హత పరీక్ష టెట్ ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది, కానీ డీఎస్సీలో దాని మార్కులకి 20 శాతం వెయిటేజీ ఉంది, అందుకే మార్కులు తక్కువొస్తే మళ్లీ రాయండి.